పాటోని బాకీ

కోరుట్ల పాత బస్టాండు ఎనుక
నా దుకాణం బోర్డు మీద ఇప్పుడు సెల్ రిపేర్ అని ఉంటది.
రంగు గీకితె
కింద రికార్డింగ్ సెంటర్ ఇంకా కనవడ్తది.

లసుంబాయి క్యాసెట్టు తెచ్చింది.
తునికాకు మూటల దాసిందట,
డబ్బా తెరువంగనే బీడీ తంబాకు వాసన.
టేపు నలిగి పేగు లెక్క బయటికొచ్చింది.
"మా ఆయన మాట ఉన్నది తమ్మీ ఇండ్ల,
షార్జాకెల్లి పంపింది.
మనిషి ఇంట్లనే ఉన్నడు.
పచ్చవాతమొచ్చి మాటే పోయింది."

ఐదు చిన్న మరలు ఇప్పిన.
తెగినకాడ అతికిచ్చి, పెన్సిలుతోని చుట్టిన.
చెయ్యి మరువలేదు.

నేను సుద్దపూసను గాను.
గా దినాలల్ల ఇరవై రూపాయలకు
మీరు చీటీల రాసుకొచ్చిన పాటలన్నీ
ఒక్క క్యాసెట్ల నింపిచ్చేటోణ్ణి.
పాట ఎవలు రాసిండ్రు, ఎవలు కట్టిండ్రు,
అడిగినోడు లేడు, చెప్పినోడు లేడు.
ఒకనాడు కంపెనీ మనిషి ఎస్సైని ఎంబడేసుకొచ్చి
నా రెండు డెక్కులు జీపుల ఏసుకపోయిండు.
మెట్‌పల్లి కోర్టుల జుర్మానా కట్టి
బయట బండికాడ మిర్చిబజ్జీ తిన్న.
తప్పు చేసిన్నని అనిపియ్యలే అప్పుడు.

మీట నొక్కిన.
మొదలు ఉత్త గాలి. ఎన్కసీరి అశాలు:
"లసుం, మంచిగున్నవా? బర్రె ఈనిందా?
పొల్ల ఫీజు ముందు కట్టు,
షావుకారుకు నేను జవాబు చెప్త."
పక్క మంచం మీద ఎవనిదో టేప్‌రికార్డరు,
సినిమా పాట, గట్టిగ.
పాట మీద మాట, మాట మీద పాట,
ఏరుదామంటె పిండిల పడ్డ ఉప్పు.

బిడ్డ భీవండిల ఉంటది.
వాట్సాప్‌ల పట్టనంత పొడుగు మాట.
నలుగురికి కనవడకుంట తాళమేసి నెట్ల పెట్టిన,
లింకు పంపిన.
చాయ్ తాగొచ్చెసరికి నోటీసు:
ఇందుల ఇంకొకరి హక్కున్న పాట ఉన్నది,
గంత మేర శబ్దం తీసేసినం.
నాలుగు నిమిషాల పదకొండు సెకండ్లు.
సరిగ్గ గండ్లనే అశాలు
బిడ్డను పేరు వెట్టి పిలిచిండు.

ఎవలతోని లొల్లి పెట్టుకోవాలె?
అటు దిక్కు మనిషి లేడు,
ఎస్సై లేడు, జీపు లేదు,
మిర్చిబజ్జీ బండి సుత లేదు.

నా ఫోన్ల తొమ్మిదివందల పాటలున్నయి అనుకునేటోణ్ణి.
పోయిన నెల పైసలు కట్టుడు మర్శిన,
పేర్లన్నీ బూడిద రంగుకు తిరిగినయి, నొక్కితె పలుకవు.
కొన్న అనుకున్నది కిరాయికి దిగిన ఇల్లట.
ఈ క్యాసెట్టు నయం,
ఇన్నేండ్లు మొఖం చూడకున్నా అలుగలేదు.

అట్లని పాట గాలికి పుట్టిందా?
కట్టినోనికి కడుపు లేదా?
రెండు డెక్కుల నడుమ కూసొని బతికినోణ్ణి,
ఆ మాట అనెతందుకు నాకే సిగ్గయితది.

దుకాణంల ఆఖరి ఖాళీ క్యాసెట్టు తీసిన,
పైపొర సుత ఇప్పనిది.
మాట, పాట, పక్కోని దగ్గు, అన్నీ ఎక్కిచ్చిన.
దాని మీద మళ్ల ఇంకోటి ఎక్కకుంట
ఎనుక ప్లాస్టిక్ పలుకులు రెండూ ఇరగ్గొట్టిన.

సంగతంత చెప్తె లసుంబాయి జరసేపు ఊకున్నది.
నా కూలి డెబ్బై లెక్కవెట్టిచ్చి
కొంగుముడిలకెల్లి ఇంకో పది తీసి పక్కకు పెట్టింది.
"ఇది ఆ పాట కట్టినోనికి ఇయ్యి.
మా ఆయన మాట్లాడినంతసేపు
ఎనుక వాయించిండు గద."

బల్ల అద్దం కింద ఉన్నది నోటు.
ఎవలకియ్యాల్నో తెల్వది.
ఖర్చు వెట్ట బుద్ధి గాదు.